గోడకు చెవులున్న ఫ్లాట్‌లో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఎలా తీసుకోవాలి

బెంగళూరు మారతహళ్లిలో టూ బీహెచ్‌కే. హాల్లో అత్తగారు, పక్క గదిలో పిల్లాడి హోంవర్క్, మధ్యలో మీరు లాప్‌టాప్ తెరిచి కాపురం గురించి మాట్లాడాలి. చాలామందికి మొదటి సెషన్ నసుగుడుతోనే అయిపోతుంది, అందుకే చోటు సంగతి ముందు చూసుకోండి.

ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు గానీ మీ మాట వస్తుంది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, గది బయట టేబుల్ ఫ్యానో టీవీయో నడవనివ్వండి. బ్లూటూత్ కంటే వైరున్న ఇయర్‌ఫోనే మేలు, బ్లూటూత్ దానంతటదే హాల్లో స్పీకర్‌కి కలిసిపోతే ఇంటిల్లిపాదీ వింటారు. కారులో కూర్చుంటే బేస్‌మెంట్‌లో సిగ్నల్ అందదు, పైన విజిటర్ పార్కింగ్‌లో ఆపుకోండి. బండి నడుపుతూ మాత్రం వద్దు. ట్రాఫిక్ కిక్కిరిసే సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఏడుపొస్తే పక్కకు ఆపే చోటు కూడా ఉండదు. పీజీలో ఉండేవాళ్లకు రూమ్మేట్ ఆఫీసుకెళ్లే రోజును చూసి బుక్ చేసుకోవడమే దారి.

ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు ఈమెయిల్ వాడకండి. సెషన్ ఇన్విటేషన్ క్యాలెండర్‌లో టీమ్‌కంతా కనపడొచ్చు. ఫీజు జాయింట్ అకౌంట్ నుంచి పోతే ఇంట్లో వేరేవాళ్లకూ మెసేజ్ వెళ్తుంది. సెషన్ మామూలుగా 45 నుంచి 50 నిమిషాలు. తర్వాత పావుగంట ఖాళీ ఉంచుకోండి, కళ్లు తుడుచుకుని నేరుగా మేనేజర్ కాల్లోకి వెళ్లకండి.

ఇక మనిషిని ఎంచుకోవడం. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకూ తగిన చదువు ఉందనుకోవద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. సైకియాట్రిస్ట్ డాక్టరు కాబట్టి మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటుంది, మందులు రాసేది ఆయనే. కౌన్సెలర్ మందు పేరు చెబితే అక్కడితో ఆపేయండి. "నాలుగు సెషన్లలో నయం చేస్తాం, గ్యారంటీ" అన్నా అంతే.

భాషను తేలిగ్గా తీసుకోవద్దు. బెంగళూరులో తెలుగు అర్థమయ్యే కౌన్సెలర్లు దొరుకుతారు, కానీ కొందరు జవాబు ఇంగ్లీషులోనో కన్నడలోనో ఇస్తారు. ఒంటరిగా వెళ్తే సర్దుకోవచ్చు. దంపతుల సెషన్‌లో మాత్రం ఇది దెబ్బకొడుతుంది: భార్యకు హిందూపురం తెలుగు తప్ప రాకపోతే భర్త అనువాదకుడవుతాడు, ఆమె ఫిర్యాదు ఆయన నోటి గుండా వెళ్తుంది. బుక్ చేసే ముందు ఐదు నిమిషాలు ఫోన్‌లో తెలుగులోనే మాట్లాడి చూడండి.

డబ్బు ఇబ్బందైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి కేంద్రం. ఉచితం, భాష ఎంచుకునేటప్పుడు తెలుగు ఎంచుకోండి.

మొదటి సెషన్‌లో మీరు ఉన్న చోటి పూర్తి అడ్రసు, సొంతూళ్లో కాకుండా బెంగళూరులోనే ఉన్న ఒకరి నంబర్ ఇవ్వండి. అన్న అనంతపురంలో ఉంటే రాత్రి పదింటికి తలుపు తట్టలేడు. మాట బయటికి పోకుండా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రక్షణ ఇస్తుంది, కానీ ప్రాణానికి ముప్పున్నప్పుడు మినహాయింపు ఉంది. పిల్లల మీద లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. మంచి కౌన్సెలర్ ఇవన్నీ అడగకుండానే చెబుతారు.

దంపతులైతే మొదటిది కలిసి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా, ఆ తర్వాత మళ్లీ కలిసి సాగే పద్ధతి బాగుంటుంది. విడిగా చెప్పిన రహస్యం రెండోవారికి చేరుతుందా లేదా అన్నది ముందే తేల్చుకోండి. "ఆయన మారాలి" అని కాకుండా, "జీతం ఎవరింటికి ఎంత పంపాలో గొడవ లేకుండా నెలకోసారి తేల్చుకోవాలి" అన్నంత కచ్చితంగా కోరిక రాసుకుని కూర్చోండి. ఇంట్లో కొట్టడం ఉంటే మాత్రం కలిపి కౌన్సెలింగ్ వద్దు. సెషన్‌లో ఆమె చెప్పిన నిజానికి ఫోన్ పెట్టేశాక శిక్ష పడుతుంది. అప్పుడు ముందు మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

పిల్లల విషయంలో, చిన్నవాళ్లయితే పని ఎక్కువగా తల్లిదండ్రులతోనే జరుగుతుంది, పిల్లాణ్ని కెమెరా ముందు కూర్చోబెట్టి లాభం తక్కువ. ముందు వారం రోజులు నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నింటికి, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, మీరేం చేశారు. ఫోన్ చూపిస్తేనే అన్నం తినేవాడికి ఒక్క పూటతో మొదలుపెట్టండి. ఫోన్ తీసేసిన మొదటి కొద్ది రోజులు ఏడుపు పెరుగుతుంది, తగ్గదు. సరిగ్గా అక్కడే "ఇది పనిచేయట్లేదు" అని ఫోన్ ఇచ్చేస్తారు, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు. తాతయ్య, నానమ్మ ఊరి నుంచి వచ్చిన వారం మొదలుపెట్టకండి. పదిహేనేళ్లవాడి గేమింగ్ చేయి దాటితే నిమ్హాన్స్‌లో దానికోసమే షట్ క్లినిక్ ఉంది, 2014 నుంచి.

తాగుడు దగ్గర ఆన్‌లైన్‌కు హద్దుంది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మనిషి తికమకపడటం, లేనివి కనిపించడం జరగవచ్చు. అది ప్రాణం తీసే స్థితి, వీడియో కాల్‌తో ఆగదు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితే గానీ కుదుటపడనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ముందు ఆసుపత్రికే వెళ్లాలి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ వ్యసన చికిత్స విభాగం ఉంది. తాగింది ఒంట్లోంచి దిగి, మనిషి తేరుకున్నాకే కౌన్సెలింగ్ పని మొదలవుతుంది.

తాగే మనిషి కౌన్సెలింగ్‌కు రానంటే ఇంట్లోవాళ్లు మొదలుపెట్టవచ్చు, చాలా కుటుంబాలకు తెలియని సంగతి ఇదే. తాగి ఉన్నప్పుడు వాదించకండి, మర్నాడు పొద్దున కాఫీ దగ్గర రెండు మాటలు చాలు. ఆఫీసుకు "జ్వరం" అని మీరు ఫోన్ చేయకండి, బార్ అప్పు మీరు కట్టకండి. కూరలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ బిళ్ల రహస్యంగా కలపకండి. దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు, తెలియకుండా ఇచ్చారని తెలిసిన రోజు నమ్మకమూ పోతుంది.

మన వాళ్లలో "మాల వేసుకుంటే మానేస్తా" అన్న మాట తరచూ వినపడుతుంది. కొట్టిపారేయకండి, 41 రోజుల దీక్ష నిజంగా పనికొచ్చే గడువే. కానీ మాల వేసుకునే రోజే చుక్క మానేయడం, పైన చెప్పిన లక్షణాలున్నవారికి ప్రమాదం. రెండు వారాల ముందే డాక్టరును కలిసి, ఆయన రాసిన మందులతో తాగుడు దించుకుని, అప్పుడు మాల వేసుకోవాలి. దీక్ష నడిచినన్నాళ్లూ వారానికో సెషన్ పెట్టుకుని, శబరిమల నుంచి తిరిగొచ్చాక మాల తీసే రోజు ఎవరు పిలుస్తారు, ఎక్కడికి పిలుస్తారు, ఏమని తప్పించుకోవాలి అన్నది పేర్లతో సహా రాసుకోండి. ఆ రోజు సాయంత్రం ఏడింటికి సెషన్ ఇప్పుడే బుక్ చేయండి.