వంశవృక్షం గీయడం నేర్చుకోవాలా? మెల్‌బోర్న్ బెయిలూలతో మొదలుపెట్టండి

అమలాపురం చుట్టుపక్కల షష్టిపూర్తులకు వంశవృక్షాలు గీసిస్తుంటాను. నేర్పమని వచ్చేవాళ్లకు ముందు చెప్పేది, సొంతింటిది ముట్టుకోవద్దని. మా నాన్న పేరు కిందెందుకు పడిందని పెదనాన్నగారి పిల్లలు మొదటిరోజే తగువుకొస్తారు. మనకు సంబంధం లేని కుటుంబమైతే హాయి. నేనైతే ఆస్ట్రేలియాలోని బెయిలూ కుటుంబాన్ని ఇస్తాను. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో చదివే మా మేనల్లుడు బెయిలూ లైబ్రరీ ముందు దిగిన ఫొటో పంపితే, ఆ పేరు ఎవరిదా అని తవ్వాను.

చార్టు అడ్డంగా పరిచి పెన్సిల్ పట్టండి. పైన జేమ్స్ జార్జ్ బెయిలూ, పక్కనే భార్య ఎమ్మా. 1853లో ఓడలో పనివాడిగా వచ్చి, ఓడ వదిలేసి మెల్‌బోర్న్ దగ్గరి రేవూరు క్వీన్స్‌క్లిఫ్‌లో ఉండిపోయాడాయన. పిల్లలు డజనుకు పైనే. అందుకని ముందు వాళ్లందర్నీ ఒకే వరుసలో రాసేయండి. పెద్దాడి మనవల దాకా దిగిపోయి మళ్లీ పైకొస్తే, చిన్నవాళ్లకు చోటుండదు.

వాళ్లలో విలియం లారెన్స్, 1859లో పుట్టినవాడు, అసలు మనిషి. 1880ల్లో మెల్‌బోర్న్‌లో స్థలాల ధరలు ఎగబాకినప్పుడు వేలంపాటలతో సంపాదించాడు. అది కుప్పకూలాక అప్పులవాళ్లకు పౌనుకు ఆరు పెన్నీలు (అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు), అంటే నూటికి రెండున్నర చొప్పున కట్టి బయటపడ్డాడు. తర్వాత బ్రోకెన్ హిల్ గనుల సీసం, జింకులతో లేచి, 1901 నుంచి 1922 దాకా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర శాసనమండలిలో కూర్చున్నాడు. లైబ్రరీ ఈయన పేరు మీదే. రియల్ ఎస్టేట్‌లో మునిగినవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు, లేచినవాళ్లే కనపడరు. అయినా ఇదంతా గడిలో కుక్కకండి. పేరు, పుట్టిన ఏడు, ఊరు, పని చాలు. కథ చార్టు వెనక నంబరేసి రాసుకోండి.

ఈయన కొడుకు క్లైవ్ లాథమ్, 1953లో బ్రిటన్‌లో బేరన్ అనే ప్రభువుల బిరుదు పొందాడు. లాథమ్ అన్నది తల్లి పుట్టింటి పేరు. ఆమె తండ్రిది కార్ల్‌టన్ బీరు కంపెనీ. మధ్యపేరు చూస్తే మేనమామల ఇల్లు దొరికిపోతుంది. మనకా వెసులుబాటు లేదు, పాత శుభలేఖలు వెతకాలి, అమ్మమ్మల్ని అడగాలి.

ఇంటిపేరు పట్టుకుపోయేవాళ్లు ఆడపిల్లల దగ్గర గీత ఆపేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. విలియం తమ్ముడు ఆర్థర్ కూతురు సండే, జాన్ రీడ్‌ను చేసుకుని సండే రీడ్ అయింది. చిత్రకారుడు సిడ్నీ నోలన్, ఆస్ట్రేలియా బందిపోటు నెడ్ కెల్లీ మీద గీసిన పేరున్న బొమ్మలు చాలావరకు వేసింది మెల్‌బోర్న్ శివార్లలో హైడీ అనే వాళ్లింట్లోనే, 1946, 47ల్లో. ఇంకో తమ్ముడు జార్జ్ కూతురు మెర్లిన్ 1920లో మైయర్ డిపార్ట్‌మెంట్ స్టోర్లు పెట్టిన సిడ్నీ మైయర్‌ను పెళ్లాడింది. గీత ఆపితే ఈ ఇద్దరూ పోతారు, 2010లో విక్టోరియా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయిన టెడ్ బెయిలూ మాత్రం మిగులుతాడు! కూతురి గడిలో పుట్టింటి పేరు పైన, అత్తింటి పేరు కింద రాసి గీత కిందికి లాగండి.

ఇది కుదిరాక మీ ఇంటిది పట్టుకోండి. మేనరికాలున్నచోట జంట గీత వేయండి. ఒకే మనిషి రెండుచోట్ల వస్తే రెండింటికీ ఒకే నంబరివ్వండి.