ముప్పై వేలలో మొదటి కెమెరా: సెకండ్‌హ్యాండ్ కొనేముందు చూడాల్సినవి

ఒడిశాలోని రాయగడలోనో జయపురంలోనో పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే కెమెరా) కొంటున్నారా? బాడీకన్నా, అంటే లెన్స్ లేని కెమెరాకన్నా, ముందు లెన్స్ చూడండి. ఈ కొండల వానకు లెన్స్‌లో బూజు పడుతుంది. లెన్స్ విప్పి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే వద్దనండి. నాలుగు ధూళి చుక్కలకు భయపడక్కర్లేదు. నికాన్ లెన్స్ విప్పగానే వెలుతురు రంధ్రాన్ని చిన్నది చేసే లోపలి రెక్కలు మూసుకుంటాయి. వెనకున్న చిన్న లివర్‌ను వేలితో జరిపి పట్టుకుంటేనే లోపలంతా కనబడుతుంది.

తర్వాత సెన్సర్, అంటే బాడీలో వెలుతురును ఫొటోగా మార్చే పలక. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం) చిన్నదిగా, ఎఫ్/16కి పెట్టి తెల్ల గోడను ఫోకస్ తప్పించి తీయండి. ఫొటోను పెద్దది చేసి చూస్తే మచ్చలన్నీ బయటపడతాయి. ధూళైతే శుభ్రం చేయించొచ్చు, గీతైతే కాదు.

నికాన్ డీ3500 దొరికితే మంచిదే. షట్టర్ (ఫొటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే తెర) లక్ష క్లిక్‌లకు పరీక్షించినది. ఎన్ని అయ్యాయో దాంతో తీసిన జేపీఈజీ ఫైల్‌లో కెమెరా రాసిన ఎక్సిఫ్ వివరాల్లోనే తెలుస్తుంది. కానీ బాడీలో ఫోకస్ మోటార్ లేదు. చవగ్గా వస్తోందని ఏఎఫ్-డీ లెన్స్ (లోపల మోటార్ లేని పాత రకం) కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. మోటార్ లెన్స్‌లోనే ఉండే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని ఉన్నవే తీసుకోండి.

కెనాన్ 3000డీకి లెన్స్ బిగించే రింగు ప్లాస్టిక్‌ది. మేమైతే వద్దంటాం.

డబ్బంతా బాడీకే పోయకండి. 18-55ఎంఎం జూమ్ లెన్స్‌తో మొదలుపెట్టి, మిగిలినదాంతో ఎక్కువ వెలుతురు తీసుకునే 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొనండి. పెళ్లిపందిట్లో రాత్రి వెలుతురుకు అదే దిక్కు. అది వెడల్పుగా చూపదు కాబట్టి గది ఇరుకైతే మాత్రం గోడకు ఆనుకుని తీయాల్సి వస్తుంది.

వానాకాలం గట్టి మూత డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి దాచండి. తోలు బ్యాగులో వదిలేస్తే చెమ్మ పడుతుంది.