మిద్దె మీద పండ్ల మొక్కలు: ఎండలు ముదరకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కుండీల్లో మామిడి, జామ, నిమ్మ, దానిమ్మ పెంచేవాళ్ళకు ఏడాది మొత్తంలో గడ్డుకాలం మార్చి నెలాఖరు నుంచి మృగశిర కార్తె దాకా. నేలలో ఉన్న చెట్టుకు పైన ఎంత ఎండ కాసినా, అడుగు లోతుకు వెళ్ళేసరికి మట్టి చల్లగానే ఉంటుంది. కుండీలో మొక్కకు ఆ వెసులుబాటు లేదు. పైనుంచి ఎండ, పక్కల నుంచి కాలిన కుండీ గోడ, కింద నుంచి కాలిన స్లాబు, మూడూ కలిసి వేరు మీదే పడతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో ఎండ తగిలే వైపు మట్టి 45 డిగ్రీలు దాటడం మన వేసవిలో మామూలే. 40 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే నీటిని పీల్చే సన్నటి పీచు వేళ్ళు దెబ్బతినడం మొదలవుతుంది. ఆకు మాడిందని మనం గమనించేసరికి చాలాసార్లు కింద వేరు ఎప్పుడో పోయి ఉంటుంది. అందుకే వేసవి జాగ్రత్తలు వేరు దగ్గర మొదలుపెట్టమంటాను. ఆకుకు నీడ ఆ తర్వాతి పని.

ఫిబ్రవరిలోనే ఒక ఆదివారం ఈ పనికి కేటాయించండి. ముందుగా కుండీలన్నింటినీ స్లాబు మీద నుంచి లేపాలి. నాలుగు ఇటుకలు గానీ ఇనుప స్టాండు గానీ పెట్టి, కింద మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉంచితే గాలి ఆడుతుంది, నీళ్ళు నిలవవు. తర్వాత కుండీ గోడలకు నీడ కావాలి. నల్ల డ్రమ్ములకు బయటి వైపు తెల్ల సున్నం గానీ తెల్ల పెయింటు గానీ వేయడం అన్నింటికన్నా చవకైన పని, దాని ఫలితం కూడా పెద్దదే. గోనె సంచి చుట్టి పొద్దున్నే తడిపినా బాగుంటుంది. చిన్న కుండీని పెద్ద కుండీలో దించి, మధ్య ఖాళీలో కొబ్బరి పీచు కూరడం ఇంకో పద్ధతి. మట్టి కుండీ తన ఒంటి నుంచి తేమను వదులుతూ చల్లగా ఉంటుంది గానీ అంతే త్వరగా ఆరిపోతుంది, దానికి నీళ్ళు ఎక్కువ కావాలి.

నీడ గురించి ఒక మాట. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. విజయవాడలో, తిరుపతిలో ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. అంటే చలికాలంలో దక్షిణపు పిట్టగోడ ఇచ్చిన నీడను మేలో నమ్ముకోకూడదు. ఆ నెలల్లో ఎక్కువ బాధపెట్టేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పడమర నుంచి వచ్చే ఎండ. మెట్ల గదికి తూర్పు వైపు చోటుంటే సున్నితమైన మొక్కలను అక్కడికి మార్చండి. షేడ్ నెట్ కట్టేవాళ్ళు సగం ఎండను ఆపే 50 శాతం రకం తీసుకుంటే చాలు. 75 శాతం నెట్ కింద నిమ్మ, దానిమ్మ లాంటివి సాగిపోయి పూత తగ్గిపోతుంది. నెట్‌ను కొమ్మలకు ఆనించకుండా రెండు మూడడుగుల పైన కట్టి, పడమర వైపు తెరలా కిందికి వేలాడదీయండి. అన్ని మొక్కలకూ నెట్ అవసరం లేదు. వేరు చల్లగా ఉండి నీళ్ళు సరిగ్గా అందితే దానిమ్మ, రేగు, సపోటా, ముదిరిన జామ ఎండను తట్టుకుంటాయి. వాటర్ యాపిల్, అవకాడో, లేత మామిడి అంట్లకు మాత్రం తప్పదు. డ్రాగన్ ఫ్రూట్ కాండం కూడా మే ఎండకు పసుపు పచ్చగా మాడుతుంది. ముళ్ళ మొక్క కదా అని వదిలేయకండి.

కుండీలన్నీ ఒకచోట దగ్గరగా చేర్చితే ఒకదాని నీడ ఇంకొకదానికి పడుతుంది. మంచి పనే, కానీ బరువు సంగతి చూసుకోవాలి. రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోసి మట్టి నింపి తడిపితే వంద కిలోలు దాటుతుంది, ఉత్త మట్టే అయితే నూటయాభై దాకా వెళ్ళొచ్చు. జనం తిరిగే మిద్దెలను మన దేశంలో సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కతో డిజైన్ చేస్తారు. కాబట్టి గుంపుగా పెట్టే కుండీలను స్లాబు నడిమధ్యలో కాకుండా గోడలు, బీములు ఉన్న వరుస మీదే పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించాకే పెద్ద డ్రమ్ములు జరపండి.

మట్టి పైన మల్చింగ్ లేకుండా వేసవిలోకి వెళ్ళొద్దు. ఎండాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందాన పరచాలి. మొదలుకు మాత్రం ఆనించకుండా చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదలండి. లేకపోతే కాండం దగ్గర తేమ నిలిచి కుళ్ళు వస్తుంది.

ఇక నీళ్ళు. మొక్కలు పోవడంలో సగం తప్పు ఇక్కడే జరుగుతుంది. తెల్లవారి ఏడు లోపు, అడుగు రంధ్రంలోంచి నీళ్ళు కారే దాకా నిదానంగా పోయండి. చిన్న కుండీలకు ఎండ తగ్గాక సాయంత్రం మరోసారి కావాల్సి రావచ్చు. పైపులో నిలిచిన నీళ్ళు, నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. మొదట వచ్చే నీళ్ళను బకెట్లోకి వదిలి, చేతికి చల్లగా తగిలాకే మొక్కకు పెట్టండి. మధ్యాహ్నం ఆకులు వేలాడాయని టెన్షన్ పడి వెంటనే నీళ్ళు పోయకండి. మట్టిలో వేలు రెండంగుళాలు దించి చూడండి. లోపల తడి ఉంటే అది ఎండకు ఆకు ముడుచుకోవడమే, సాయంత్రానికి లేస్తుంది. తడి ఉండి కూడా మర్నాడు పొద్దున ఆకు వేలాడుతూనే ఉంటే వేరు దెబ్బతిందని అర్థం. అప్పుడు ఇంకా నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. కుండీని నీడలోకి మార్చి, కాయలు, పూత తీసేసి, మట్టి తేమగా మాత్రం ఉంచండి.

కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువగా కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు. పోసిన నీళ్ళు కుండీ అంచు వెంట జారి కింద నుంచి వచ్చేస్తాయి, తడిసిందని మనం మోసపోతాం. సన్నటి పుల్లతో అక్కడక్కడా గుచ్చి, పది నిమిషాల తేడాతో రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా పోయండి. చిన్న కుండీ అయితే నీళ్ళ టబ్బులో అరగంట కూర్చోబెట్టండి.

బోరు నీళ్ళు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. నీరు ఆవిరైపోయి లవణాలు మట్టిలో మిగిలిపోతాయి. కుండీ అంచున తెల్లటి పొర, మామిడి ఆకు కొసలు మాడటం, నిమ్మ లేతాకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటం కనిపిస్తే దాన్ని ముందు అనుమానించండి. రెండు మూడు వారాలకోసారి మామూలు కంటే రెట్టింపు నీళ్ళు పోసి, మట్టిని కడిగినట్టు కిందికి వదిలేయాలి. ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ళలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి, పండ్ల మొక్కలకు అవి వద్దు. ఏసీ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, నిరభ్యంతరంగా పోయొచ్చు.

ఎండలు ముదిరాక కొన్ని పనులు చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో కుండీ మార్చడం, గట్టిగా కొమ్మలు కత్తిరించడం, యూరియా, డీఏపీ వేయడం, పచ్చి పేడ పెట్టడం ఆపేయండి. ఎరువు వేస్తే లేత చిగురు వస్తుంది, ఆ చిగురే ముందు మాడుతుంది. బాగా మాగిన వర్మీకంపోస్ట్ పలచగా మల్చింగ్ కింద వేస్తే చాలు. కడియం నర్సరీల నుంచి తెప్పించుకునే అంట్లు చాలావరకు నీడలో పెరిగి వస్తాయి, వాటిని నేరుగా మిద్దె ఎండలో పెట్టొద్దు. కొనడమే వానలు పడ్డాక పెట్టుకుంటే ఇంకా మంచిది.

పొట్టి రకాలు పెంచేవాళ్ళు ఈ రోజుల్లో అంటు కట్టిన చోటును వారానికోసారి చూడాలి. ఉదాహరణకు ఆమ్రపాలి మామిడి. దశేరి, నీలం కలిపి ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన రకం అది. పొట్టిగా పెరిగి ఏటా కాస్తుంది కాబట్టే డ్రమ్ములకు నప్పుతుంది. ఎండ దెబ్బకు పైన ఆ కొమ్మ పోయి, అంటు కింద నుంచి గట్టి చిగురు వస్తే మొక్క బతికిందని సంతోషిస్తాం. కానీ అక్కడ బతికింది అంటుకు ఆధారంగా వాడిన, టెంక నుంచి మొలిచిన కింది మొక్క మాత్రమే. అంటు కింద చిగుళ్ళను వచ్చినప్పుడే గిల్లేస్తే బలం పైకొమ్మకు పోతుంది.

కాయల మీద ఆశ కూడా కాస్త తగ్గించుకోవాలి. ఏడాది దాటని అంటుకు పూత మొత్తం తీసేయండి. దానిమ్మ కాయ పగలడానికి ఒక ముఖ్య కారణం ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తడం. రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో నీళ్ళు ఇస్తే అది చాలావరకు తగ్గుతుంది.

పొడి ఎండల్లో ఎర్రనల్లి, పిండినల్లి విజృంభిస్తాయి. పొద్దున్నే ఆకు అడుగున నీటి ధారతో కొడితే చాలావరకు పోతాయి. చీమల బారు కనిపిస్తే పిండినల్లి ఎక్కడో ఉందని వెతకండి. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కొంచెం సబ్బు కలిపి, పొద్దు వాలాకే కొట్టాలి. ఎండలో నూనె పడిన ఆకు మాడుతుంది.

సెలవులకు ఊరెళ్ళేవాళ్ళు డ్రిప్ టైమరును ముందు వారమే బిగించి, మీరు ఇంట్లో ఉండగానే మూడు రోజులు నడిపి చూడండి. బోర్లించిన బాటిల్ చిట్కా పెద్ద జామ చెట్టుకు ఒక్క మధ్యాహ్నానికి కూడా చాలదు. కరెంటు పోతే, పైపు ఊడితే చూసేందుకు పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి వెళ్ళండి.

మార్చి నుంచే మన దగ్గర ఈదురుగాలులు, కొన్నిచోట్ల వడగళ్ళు మొదలవుతాయి. ఏ కుండీనీ పిట్టగోడ మీద పెట్టొద్దు, కింద వీధిలో మనుషులు నడుస్తుంటారు. ఎత్తు పెరిగిన మొక్కలకు కర్ర పాతి, ఆ కర్రను రైలింగుకు కట్టండి. నెట్‌ను ఒక వైపు ముడి లాగితే ఊడేలా కడితే గాలివాన ముందు నిమిషంలో విప్పుకోవచ్చు. మల్చింగ్ ఆకులు కొట్టుకుపోయి మిద్దె నీటి గొట్టాల్లో ఇరుక్కుంటాయి, మే నెలాఖరు లోపు ఆ గొట్టాల నోళ్ళు శుభ్రం చేసి జాలీ బిగించండి.