ఆయిల్ పోర్ట్రెయిట్ ఆర్డరు: తేదీ చెప్పే ముందు

నాన్నగారి సంవత్సరీకం కార్తీకంలో, బొమ్మ అప్పటికి గోడెక్కాలి అంటూ భాద్రపదంలో ఫోటో పట్టుకొస్తారు. ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ వైపు ఆయిల్ పెయింటింగ్ ఆర్డర్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. వెయ్యడం రెండు వారాల పని. ఆరడం మన చేతిలో లేదు. నీటి రంగు నీరు ఆవిరైతే ఆరిపోతుంది. ఆయిల్ రంగులో ఉన్న అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం చెమ్మకి ఇంకా మందగిస్తుంది.

అందుకే తేదీని చివర్నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. 18×24 అంగుళాల కాన్వాస్ మీద భుజాల దాకా ఒక మనిషి అనుకుందాం. డ్రాయింగు చూపించి ఒప్పించడానికి 4 రోజులు, అడుగు పూతకి 4, మధ్యలో ఆరనిస్తూ రెండు దఫాల రంగుకి 3 వారాలు, వేలికి అంటకుండా ఆరడానికి ఇంకో 3 వారాలు. వానాకాలంలో ఏడు వారాలకి తక్కువ చెప్పొద్దు. ఎండాకాలమైతే అయిదు సరిపోతాయి.

ఫోటో దగ్గర మొహమాటపడితే తర్వాత బొమ్మ దగ్గర మాట పడాలి. చెయ్యి చాచి తీసిన సెల్ఫీలో ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి. దాన్ని గ్రాఫ్ గీసి నిక్కచ్చిగా దించితే ‘మా అన్నయ్యలా లేడే’ అంటారు, వాళ్లు అన్నదీ నిజమే. మనిషి ఎదురుగా ఉంటే ఆరేడు అడుగుల దూరం నుంచి, రెండింతల జూమ్‌లో, కిటికీ వెలుగు ఒక పక్క నుంచే పడేలా తియ్యండి. పోయినవాళ్లదైతే పాత స్టూడియో ఫోటోయే గతి. అది ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, పైపొర ఊడి అద్దంతో వచ్చేస్తుంది. అద్దంతోనే వరండా నీడలో పెట్టి, మీ వెనక నల్ల దుప్పటి కట్టి, ఫ్లాష్ లేకుండా తీస్తే ప్రతిబింబం పడదు. వాట్సాప్‌లో పంపేవాళ్లని డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. నలుపు తెలుపు ఫోటో అయితే ఒంటి రంగు కోసం పెద్దకొడుకుదో తమ్ముడిదో కలర్ ఫోటో అడగండి. నామమా, విభూతా, బొట్టు సైజెంత, అన్నీ అప్పుడే.

ఇంకో సంగతి. పోలిక వచ్చిందని చెప్పే మనిషి ఆ ఇంట్లో ఒకరే ఉంటారు, ఎక్కువగా తల్లి. పెన్సిలు డ్రాయింగు ఆవిడ చూడాలి. డబ్బిచ్చే కొడుకు సూరత్‌లో కూచుని సరే అన్నంత మాత్రాన పని అయినట్టు కాదు.

కాగితం ఒక పేజీ చాలు. సైజు, తలలెన్ని, ఫ్రేమ్ ఎవరు కట్టించాలి, డ్రాయింగు ఒప్పుకున్నాక ఎన్ని మార్పులు చేసిస్తారు, డబ్బు ఎప్పుడెప్పుడు. సగం అడ్వాన్సు, డ్రాయింగు అయ్యాక పావు, బొమ్మ చేతికిచ్చేటప్పుడు పావు అనేది ఇద్దరికీ నష్టం లేని పద్ధతి. బొమ్మ కింద పేరు తెలుగులోనా, ఒడియాలోనా, రెండింట్లోనా అన్నది వాళ్ల చేత్తోనే రాయించుకోండి. అక్షరం తప్పు పోతే మాట మీదికి వస్తుంది.

చాలామంది రాయించుకోనిది ఒకటుంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఎవరి కోరిక మీద పోర్ట్రెయిట్ వేస్తామో, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు మొదట వాళ్లదే. అంటే వేసిన బొమ్మని మీ పేజీలో పెట్టాలన్నా, ప్రింట్లు తియ్యాలన్నా వాళ్ల మాట కావాలి. ‘పూర్తయ్యాక ఫోటో నా పనుల్లో చూపించుకోవచ్చు’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టించుకుంటే తీరిపోతుంది. పోయినవాళ్ల బొమ్మ అయితే, ఇంట్లో కార్యక్రమం అయ్యేదాకా బయట పెట్టకపోవడం మర్యాద.

కాన్వాస్ సంగతి క్లుప్తంగా. నూలు కాన్వాస్‌ మీద గెస్సో (రంగుకి ముందు వేసే తెల్ల పూత) మూడు పూతలు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, మధ్యలో సన్న ఉప్పుకాగితం. చివరి పూత తర్వాత వానల్లో మూడు రోజులు ఆగండి. ఉప్పుగాలికి మామూలు పిన్నులు తుప్పెక్కి బట్ట మీద మరక దిగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వాడండి.

మొదటి పూత ముదురు గోధుమ రంగు బర్న్‌ట్ అంబర్‌తో, టర్పెంటైన్ మాత్రమే కలిపి, పల్చగా. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. అదే నీడలకి ఐవరీ బ్లాక్ దట్టంగా పెడితే కింద ఆరదు, పైన ఆరుతుంది, కొన్నాళ్లకి పగుళ్లు. రెండో దఫాకి మూడొంతుల టర్పెంటైన్‌కి ఒక వంతు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె). చివరి దఫాకి సమానంగా. పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలే గాని తగ్గకూడదు. డబ్బు కలిసొస్తుందని కిరోసిన్ పోస్తే జిడ్డు మిగిలి నెల గడిచినా బొమ్మ వేలికి అంటుతూనే ఉంటుంది. తేదీ మరీ దగ్గరపడితే రంగులో తొందరగా ఆరేలా చేసే ఆల్కిడ్ మీడియం కొంచెం కలపండి. మేడ మీద ఎండలో పెట్టొద్దు, కాన్వాస్ బిగించిన చెక్క వంగిపోతుంది. వెలుతురున్న గదిలో, గాలాడే చోట చాలు. చీకటి బీరువాలో దాస్తే నూనె పసుపెక్కుతుంది.

ఒంటి రంగుకి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), అల్ట్రామెరీన్ (ముదురు నీలం), టైటానియం వైట్ సరిపోతాయి. ‘కొంచెం తెల్లగా చెయ్యండి’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒంటి రంగు మార్చకుండా నుదుటి మీదా బుగ్గ మీదా వెలుగు పెంచండి. వాళ్లూ సంతోషిస్తారు, మనిషీ మారడు.

అమ్మ బొమ్మంటే పట్టుచీర, ఇక్కడ అది బరంపురం పట్టే. అంచున గుడి గోపురాల్లా పళ్లు పళ్లుగా నిలబడే కుంభం వరస దాని గుర్తు. బంగారు రంగు ట్యూబు పిండితే జరీ ఒక పక్క నుంచి చూస్తే బూడిదలా కనిపిస్తుంది. జరీని మూడు రంగుల్లో కట్టాలి: నీడలో రా అంబర్‌కి కాస్త అల్ట్రామెరీన్, మధ్యలో ఓకర్, వెలుగులో ఓకర్‌కి తెలుపు, చిటికెడు లెమన్ ఎల్లో. రెండో నంబరు ఫ్లాట్ బ్రష్ మూలని ఆనించి పైకి లాగి వదిలేస్తే ఒక పన్ను. భుజం మీద అయిదారు పదునుగా ఉంటే చాలు. మడత లోపలికి పోయేవాటిని తడి మీదే పొడి బ్రష్‌తో ఒత్తి చెరిపెయ్యండి. అన్నీ లెక్కపెట్టి వేస్తే కళ్లు మొహం వదిలేసి చీరనే చూస్తాయి.

ఆరాక కొన్ని చోట్ల రంగు చప్పబడుతుంది, ముఖ్యంగా జుట్టులో. కింది పూత నూనె పీల్చేసుకోవడం వల్ల అది. ఆరిన పూత మీద లిన్సీడ్ ఆయిల్ చుక్క వేసి, బట్టతో పల్చగా రాసి, మిగిలింది తుడిచెయ్యండి. ఈ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వెయ్యండి.

పూర్తయిన బొమ్మకి ఫోటో తీసేది వార్నిష్‌కి ముందే, మెరుపు తక్కువ ఉంటుంది కాబట్టి. వరండా నీడలో బొమ్మని గోడకి నిటారుగా నిలబెట్టి, ఫోను సరిగ్గా బొమ్మ మధ్య ఎత్తులో, ఆరడుగుల దూరంలో. పక్కనే తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు సరిచేసుకోవడం తేలిక. నాలుగు మూలలూ లంబంగా రాకపోతే మళ్లీ తియ్యండి. మొత్తం బొమ్మతో పాటు కన్ను, అంచు దగ్గరగా తీసినవి పెట్టండి, అడిగేవాళ్లు వాటిని చూసే అడుగుతారు.

పార్శిల్ పంపేటప్పుడు బబుల్ షీటు రంగుని తాకితే బుడగల అచ్చు పడిపోతుంది. ముందు నున్నటి గ్లాసైన్ కాగితం, మూలలకి థర్మాకోల్, అప్పుడు బబుల్, పైన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టె. చుట్టి పంపక తప్పదంటే ఆరంగుళాల లావు గొట్టానికి, రంగు బయటికి ఉండేలా చుట్టాలి, లోపలికి చుడితే నలిగి పగుళ్లొస్తాయి. పెట్టెలో ఒక చీటీ పెట్టండి: ఎండ పడే గోడ వద్దు, కింది మూలల వెనక రెండు బెండు ముక్కలు అంటిస్తే గాలాడి బూజు పట్టదు, ఆర్నెల్ల తర్వాత చెమ్మ లేని రోజు చూసి వార్నిష్ వేయించుకోవాలి. వానల్లో వేస్తే తెల్లగా పొగ కమ్ముతుంది.