టెక్సస్ కాలిన్ కౌంటీలో ఏడాది పొడవునా వాతావరణానికి ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో లెక్క తిరగబడుతుంది. ఏడాదిలో అన్నిటికన్నా వాన ఎక్కువ పడేది మే నెలలోనే. మన దగ్గర వానలు ముదిరే జూలై, ఆగస్టుల్లో ఇక్కడ నేల బీటలు వారుతుంది. అక్టోబర్‌లో మళ్లీ ఓ విడత వానలు. ఏడాది మొత్తానికి పడేది సుమారు 40 అంగుళాలు, అంటే 1000 మిల్లీమీటర్లు. మన కోస్తా జిల్లాలకు ఇంచుమించు సమానమే గానీ పడే తీరు వేరు. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్‌లలో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కాలం మీద పడ్డాక పని మొదలుపెట్టడం వల్లే. ఇక్కడ ప్రతి పనీ దాని కాలానికి నెల ముందే అయిపోవాలి.

1. ఫిబ్రవరి చివరికల్లా వడగళ్లకు, టోర్నడోలకు సిద్ధం కండి

మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా వడగళ్ల కాలం. 2016 ఏప్రిల్ 11న ఇదే కౌంటీలోని వైలీ ఊళ్లో బేస్‌బాల్ సైజు వడగళ్లు పడి ఇంటి కప్పులు, కిటికీలు పగిలిపోయాయి. ముందుగా గ్యారేజ్‌లో పేర్చిన అట్టపెట్టెలు తీసేసి కార్లకు చోటు చేయండి. తర్వాత ఇంటి ఇన్సూరెన్స్ కాగితం తీసి, గాలి, వడగళ్ల డిడక్టబుల్ (నష్టంలో మీరు సొంతంగా భరించాల్సిన మొదటి వాటా) ఎంతో చూడండి. అది చాలాసార్లు డాలర్లలో కాక శాతంలో ఉంటుంది. 5 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం అంటే, మొదటి 10,000 డాలర్ల ఖర్చు మీరే పెట్టుకోవాలి. వడగళ్ల మర్నాడు తలుపు తట్టి "డిడక్టబుల్ మేం మాఫీ చేస్తాం" అనే రూఫింగ్ వాళ్లను నమ్మకండి. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం.

టోర్నడో వాచ్ అంటే వచ్చే పరిస్థితి ఉందని, వార్నింగ్ అంటే వచ్చేసిందని లేదా రాడార్‌లో కనబడుతోందని. వాచ్ ఉన్నప్పుడు ఫోన్ చార్జింగ్ పెట్టి, బూట్లు దగ్గర ఉంచుకోండి. వార్నింగ్ రాగానే కదలండి. కింది అంతస్తులో, ఇంటి నడిమధ్యన, కిటికీలు లేని క్లోసెట్‌లోకో బాత్రూమ్‌లోకో మెట్ల కిందికో వెళ్లాలి. పిల్లలకు సైకిల్ హెల్మెట్లు పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటే, కింద ఉన్నవాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఊళ్లోని టోర్నడో సైరన్లు బయట ఉన్నవాళ్ల కోసం పెట్టినవి, ఏసీ నడుస్తున్న పడకగదిలో వినబడతాయని అనుకోవద్దు. వాతావరణ హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో కొని, దాంట్లో కాలిన్ కౌంటీ కోడ్ 048085 పెట్టండి. రాత్రిపూట అదే మిమ్మల్ని లేపుతుంది. కాలం కాని కాలంలోనూ టోర్నడోలు వస్తాయి. 2015 డిసెంబర్ 26 రాత్రి పక్కనున్న గార్లండ్, రౌలెట్‌ల మీదుగా ఈఎఫ్-4 టోర్నడో (తీవ్రతను 0 నుంచి 5 దాకా కొలిచే కొలమానంలో 4) వెళ్లింది. ఆ రాత్రే ఈ కౌంటీలోని కోప్‌విల్‌లోనూ మరణాలు సంభవించాయి.

మే వానల్లో రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు వెనక్కి తిప్పండి. అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారు తేలిపోతుంది.

2. జూన్‌లోనే పునాదికి నీళ్లు పెట్టడం మొదలుపెట్టండి

ఇంటికి నీళ్లు పెట్టడమేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఇక్కడి నేల మన గుంటూరు, ఆదిలాబాద్ నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద పలక లాంటి కాంక్రీట్ స్లాబ్, స్లాబ్ మీద ఇల్లు. ఒక పక్క మట్టి కుంగి మరో పక్క నిలిచి ఉంటే స్లాబ్ వంగుతుంది. అప్పుడు తలుపులు పట్టేస్తాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. జూలై, ఆగస్టుల్లో పగటి వేడి 96 ఫారెన్‌హీట్ (సుమారు 36 సెల్సియస్) దాటడం మామూలే. 2011లో డాలస్ విమానాశ్రయంలో 71 రోజులు 100 ఫారెన్‌హీట్ లేదా ఆ పైన నమోదైంది.

నీరు చెమర్చే సోకర్ హోస్‌ను గోడకు ఆనించకుండా 12 నుంచి 18 అంగుళాల దూరంలో ఇంటి చుట్టూ పరవండి. వారానికి రెండు మూడు సార్లు 20 నుంచి 30 నిమిషాలు చాలు. పొడవాటి స్క్రూడ్రైవర్‌ను మట్టిలో గుచ్చి చూడండి. మూడు నాలుగు అంగుళాలు సులువుగా దిగితే సరిపోయింది, దిగకపోతే సమయం పెంచండి. నాలుగు వైపులా తడి సమానంగా ఉండడమే ముఖ్యం. పడమర, దక్షిణం వైపులు, పెద్ద చెట్టు ఉన్న పక్క త్వరగా ఎండుతాయి, అక్కడ కాస్త ఎక్కువ పెట్టాలి. స్లాబ్‌కీ మట్టికీ మధ్య అప్పటికే సందు పడితే పైపు నేరుగా ఆ సందులో పెట్టకండి. నీరు అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. దూరం నుంచి మెల్లగా తడిపితే మట్టి తనంతట తానే ఉబ్బి పూడుకుంటుంది. ఏ రోజు, ఏ వేళ నీళ్లు పెట్టవచ్చో మీ ఊరి నిబంధన చూసుకోండి. లాన్ స్ప్రింక్లర్‌కూ సోకర్ హోస్‌కూ నియమాలు వేరుగా ఉండవచ్చు.

జూన్‌లోనే ఏసీ ఫిల్టర్ కూడా మార్చి, నీరు బయటికి పోయే సన్న గొట్టంలో ఒక కప్పు వెనిగర్ పోయండి. అందులో పాచి పేరుకుంటే ఆటిక్‌లోని (పైకప్పుకూ సీలింగ్‌కూ మధ్య చోటులోని) పళ్లెం నిండి సీలింగ్ మీదికి కారుతుంది.

3. అక్టోబర్‌లో చలికి సన్నాహం

వెచ్చని ప్రాంతమని ఇక్కడి ఇళ్లలో నీటి గొట్టాలను చలికి తగ్గట్టు కప్పి కట్టరు. ముప్పు అక్కడే. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. కరెంటు పోయి, లెక్కలేనన్ని ఇళ్లలో గొట్టాలు పగిలాయి.

అందుకే మొదట ఇంటికి నీరు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూడండి. బయటి కుళాయిలకున్న హోస్‌లు ఊడదీయండి. హోస్ తగిలించి ఉంటే దాంట్లోని నీరు గడ్డకట్టి గోడలోని గొట్టం దాకా పాకుతుంది, పైన తొడుగు వేసినా లాభం ఉండదు. స్ప్రింక్లర్ కంట్రోలర్ ఆపేసి, బయటి బ్యాక్‌ఫ్లో వాల్వ్‌ను (స్ప్రింక్లర్ నీరు తాగునీటి గొట్టంలోకి వెనక్కి రాకుండా ఆపేదాన్ని) కప్పండి. 28 ఫారెన్‌హీట్ కన్నా తగ్గుతుందన్న రాత్రి బయటి గోడల వైపున్న కుళాయిల్లో వేడినీరూ చన్నీరూ సన్నటి ధారగా వదిలి, సింక్ కింది అర తలుపులు తెరిచి ఉంచండి. ట్యాంక్ లేని వాటర్ హీటర్‌కు కరెంటు పోతే గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు పనిచేయదు. వాల్వ్ మూసి దాంట్లో నీరు వంపేయాలి. ఎంత చలేసినా కుంపటి, బొగ్గుల గ్రిల్, జనరేటర్ ఇంట్లోగానీ గ్యారేజ్‌లోగానీ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

4. పెరట్లో

టమాటా నారు మార్చి చివర్లో నాటండి. రాత్రి వేడి 75 ఫారెన్‌హీట్ దాటాక పూత నిలవదు, కాబట్టి ఆలస్యమైతే కాయలుండవు. బెండ, గోంగూరలకు తొందర లేదు, నేల బాగా వేడెక్కాక ఏప్రిల్ చివర్లో వేస్తే ఎండను తట్టుకుని పెరుగుతాయి. కరివేపాకు కుండీలోనే ఉండాలి. రాత్రులు 50 ఫారెన్‌హీట్‌కు దిగడం మొదలవగానే లోపలికి తెచ్చి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి నీరు తగ్గించండి. ఆకులు రాలినా కంగారుపడి ఎక్కువ నీళ్లు పోయకండి, వేరు కుళ్లేది అలాగే. మంచు భయం పోయాక, మార్చి చివర్లో, ముందు వారం రోజులు నీడలో ఉంచి ఆ తర్వాతే ఎండలో పెట్టండి.