విండోస్ ఒక డిస్కులో, లైనక్స్ ఇంకో డిస్కులో: డ్యూయల్ బూట్ పెట్టుకునే పద్ధతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (బోర్డులోని భద్రతా చిప్పు) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషనో ఆ పైదో అయ్యుండాలి. నెల్లూరు, ఒంగోలు డీటీపీ షాపుల్లోనూ రొయ్యల లెక్కలు రాసే గదుల్లోనూ ఇంకా నడుస్తున్న నాలుగో, ఆరో జనరేషన్ సీపీయూలకు ఆ దారి లేదు. పోనీ విండోస్ తీసేద్దామా అంటే అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ అన్నీ అందులోనే ఉన్నాయి. అందుకని శుభలేఖలు, లెక్కలు విండోస్‌లో ఉంచి, బ్యాంకు పని, ఇంటర్నెట్ పని లైనక్స్‌కు, అంటే ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టంకు, మార్చుకోవచ్చు. ఆన్ చేసేటప్పుడు రెండిట్లో ఏది కావాలో ఎంచుకునే ఈ ఏర్పాటే డ్యూయల్ బూట్. ఒకే డిస్కును చీల్చి రెండూ పెట్టొచ్చు గానీ, ఒక ఒరలో రెండు కత్తుల సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. రెండో డిస్కు కొనుక్కోండి.

కావలసినవి: 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, క్లిప్పు ఉన్న సాటా డేటా కేబుల్ ఒకటి, 8 జీబీ పెన్‌డ్రైవ్, స్టార్ స్క్రూడ్రైవర్. ఎస్‌ఎస్‌డీకి పట్టేవి ఎం3 సన్న స్క్రూలు. పాత హార్డ్‌డిస్కు లావు స్క్రూలు బిగిస్తే మర పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో (సీపీయూ లోపలి పవర్ సప్లై పెట్టె) ఖాళీ సాటా పవర్ వైరు ఉందో లేదో డబ్బులు పెట్టే ముందే చూడండి. లేకపోతే నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే వైరు దొరుకుతుంది. అందులో ప్లాస్టిక్ పోతపోసిన రకం వద్దు, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయే ప్రమాదం ఉంది. తీగలు విడివిడిగా కనబడేలా నొక్కి బిగించిన రకం అడగండి. ఇంట్లో పడున్న పాత హార్డ్‌డిస్కు వాడదామనుకుంటే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్లో దాని ఆరోగ్యం చూడండి. పసుపు రంగు కనబడితే పక్కన పెట్టేయండి.

విండోస్‌లో ఉండగానే నాలుగు పనులు ముగించాలి. మొదటిది, ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్కులోకి కాపీ చేయడం. రెండోది, రన్ బాక్సులో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని ఇంగ్లీషులో కొట్టి బయోస్ మోడ్ అన్న లైను చూడటం. అక్కడ యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) ఉందా, లెగసీ (పాత పద్ధతి) ఉందా రాసి పెట్టుకోండి, లైనక్స్ కూడా అదే పద్ధతిలో ఎక్కాలి. పాత సీపీయూల్లో చాలాచోట్ల లెగసీయే ఉంటుంది. మూడోది ఫాస్ట్ స్టార్టప్ ఆపడం: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఆ టిక్కు తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి ఆ డిస్కు తెరిస్తే ఫైళ్లు చదవనిస్తుందేగాని రాయనివ్వదు. నాలుగోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం. కొత్త మెషీన్లలో మనం అడక్కుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) ఏదైనా మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి ముందే తీసి కాగితం మీద రాసుకోండి. ఆ డిస్కులోనే సేవ్ చేస్తే తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ర్యామ్ 4 జీబీ అయితే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, 8 జీబీ ఉంటే ఉబుంటు 24.04. మింట్ 22కైనా ఉబుంటు 24.04కైనా అప్‌డేట్లు 2029 వరకు వస్తాయి. దాని ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలర్) ఫైలు దింపుకుని రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

వైరు పీకడం ఎందుకు

సీపీయూ ఆపి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చు కూడా ఆపి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. సైడు డోరు తీసి కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించండి. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి కనెక్టర్ల మీద పేరుకుంటాయి. తెరిచిన పుణ్యానికి బ్లోయరుతో ఊదేయండి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని. ఇప్పుడు విండోస్ డిస్కుకున్న డేటా కేబుల్, పవర్ వైరు రెండూ తీసేయండి. విండోస్ ఎన్‌వీఎంఈలో (బోర్డు మీదే ఎం.2 స్లాటులో పెట్టే పలక లాంటి ఎస్‌ఎస్‌డీ) ఉంటే దాని చిన్న స్క్రూ విప్పి డిస్కునే బయటికి తీయండి. ఈ పని చాలామంది దాటేస్తారు, తర్వాత వచ్చే తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి.

కారణం ఇది. యూఈఎఫ్‌ఐ మెషీన్లో మింట్, పాత ఉబుంటు ఇన్‌స్టాలర్లు బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టంను లేపే చిన్న ప్రోగ్రాం) ఏ డిస్కులో పెట్టాలని అడుగుతాయి. మనం రెండో డిస్కు చూపించినా, మొదటి డిస్కులో విండోస్ చేసుకున్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) కనబడితే తమ ఫైళ్లు అందులోనే పెట్టేస్తాయి. ఏళ్లుగా ఉన్న బగ్ ఇది. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. రేపు విండోస్ డిస్కు చెడిపోయి తీసేశారనుకోండి, నిక్షేపంలాంటి లైనక్స్ కూడా లేవదు. విండోస్ ఇన్‌స్టాలరూ తక్కువేం కాదు, వేరే డిస్కులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనబడితే బూట్ ఫైళ్లు అక్కడ పడేస్తుంది. అందుకే ఏది ఎక్కించినా, ఆ సమయానికి సీపీయూలో ఒక్క డిస్కే ఉండాలి. ఇంకో లాభమూ ఉంది: డిస్కు చెరిపే చోట తప్పు పేరు నొక్కే ప్రమాదం ఉండదు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి, దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కీ కొట్టండి. గిగాబైట్, డెల్, లెనోవోలకు సాధారణంగా ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11, ఆసుస్ బోర్డుకు ఎఫ్8, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడొచ్చు, ఒకటి ముందు యూఈఎఫ్‌ఐ అని ఉండి, ఇంకొకటి లేకుండా. విండోస్ ఏ పద్ధతిలో ఉందో అదే ఎంచుకోండి. ఇన్‌స్టాలర్లో డిస్కు మొత్తం చెరిపేసి ఎక్కించే ఆప్షన్ చాలు, పార్టిషన్లు చేత్తో కొయ్యక్కర్లేదు. అరగంటలోపు పని. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి, మన ఎండాకాలపు కరెంటును నమ్ముకోకండి.

కొత్త డిస్కు ఇన్‌స్టాలర్లో కనబడకపోతే ముందు కేబుల్ చూడండి, తర్వాత పోర్టు. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటు వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు, ఏవో మాన్యువల్లో ఉంటుంది. అదీ కాకపోతే బయోస్‌లో సాటా మోడ్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీలో ఉందేమో, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే మార్చే ముందు విండోస్ డిస్కు తిరిగి కలిపి, విండోస్‌ను ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్‌కు పెట్టి, మార్చాక ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, ఆ టిక్కు తీసేయాలి. ఇది చేయకుండా మారిస్తే విండోస్ నీలం తెర చూపిస్తుంది. భయపడొద్దు, పాత మోడ్‌కు తిప్పితే మళ్లీ లేస్తుంది.

లైనక్స్ ఒంటరిగా లేచిందని చూసుకున్నాక, మెషీన్ ఆపి విండోస్ డిస్కు తిరిగి కలపండి. ఇక ఏది కావాలన్నా బూట్ మెనూ కీతో ఎంచుకోవడమే. ఇద్దరు ముగ్గురు కూర్చునే షాపులో ఈ కీ గుర్తుండదు, కాబట్టి ఆన్ చేయగానే రెండిటి పేర్లు చూపించే గ్రబ్ (లైనక్స్ బూట్‌లోడర్) మెనూ మేలు. బయోస్‌లో లైనక్స్ డిస్కును ముందు పెట్టండి. ఉబుంటులో విండోస్‌ను వెతికే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆపి ఉంటుంది. ఈటీసీ ఫోల్డరులోని డీఫాల్ట్‌లో గ్రబ్ అనే ఫైలు (/etc/default/grub) తెరిచి, GRUB_DISABLE_OS_PROBER=false అన్న లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, టెర్మినల్లో సుడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కొట్టండి. విండోస్ పేరు మెనూలోకి వస్తుంది. రెండిట్లో ఒకటి లెగసీ, ఒకటి యూఈఎఫ్‌ఐ అయితే మాత్రం రాదు.

తర్వాత గడియారం గొడవ. లైనక్స్ బోర్డులోని గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. కాబట్టి లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైము 5 గంటల 30 నిమిషాలు వెనక్కి పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యలు పట్టి బిల్లు కొడితే దాని మీద ముందు రోజు తేదీ పడుతుంది. లైనక్స్ టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఇంగ్లీషులో ఒక్కసారి కొడితే సరి.

రెండు డిస్కులు పెట్టినా తప్పని చిక్కు ఒకటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ (సంతకం సరిపోయిన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉన్న కొన్ని డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ లేవనంది. పాత బూట్‌లోడర్లను ఆపే ఆ అప్‌డేట్ నిబంధన డిస్కులో కాదు, బోర్డు ఫర్మ్‌వేర్లో పడింది, అందుకే డిస్కు వేరైనా తప్పించుకోలేదు. అలాంటిది ఎదురైతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, లైనక్స్ లేపి, అప్‌డేట్లన్నీ ఎక్కించి, మళ్లీ ఆన్ చేసి చూడాలి.

లైనక్స్ నుంచి విండోస్ ఫైళ్లు కనబడతాయి, విండోస్ నుంచి లైనక్స్ ఫైళ్లు మామూలుగా కనబడవు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం లేని పార్టిషన్‌లా ఉంటుంది. ఖాళీ స్థలం అనుకుని ఎవరైనా డిలీట్ కొట్టకుండా షాపులో అందరికీ చెప్పి ఉంచండి. లైనక్స్ వద్దనుకున్న రోజు దాని వైరు పీకేసి, బయోస్‌లో విండోస్‌ను ముందుకు తెస్తే చాలు. రిపేరు ఏమీ అక్కర్లేదు.