పాత మిల్లు కాగితాలు దొరికాయా? ముందు సర్దకండి

ఊళ్లో బియ్యం మిల్లు మూతపడ్డాక సామాను ఒక వరసలో పోతుంది. మొదట ఇంజను బేరమవుతుంది, తర్వాత షాఫ్టూ పుల్లీలూ ఇనుము కింద తూకానికి పోతాయి, ఆ తర్వాత రేకులు, తలుపులు. గుమాస్తా గదిలోని చిట్టాలు (రోజువారీ లెక్కల పుస్తకాలు), ఆవర్జాలు (పేరుపేరునా రాసిన ఖాతాలు), లైసెన్సు కాగితాలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఆఖరిదాకా అక్కడే పడుంటాయి. ఆ ఆఖరి రోజున ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు, లేదంటే పాత పేపర్ల వాడికి వేసేస్తారు. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల అటక మీదో అలాంటి కట్టలు ఇంకా మిగిలుంటే ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ఇంగ్లండులో గాలిమరలకీ నీటిమరలకీ ఇదే గతి పట్టింది. 1086 నాటి డూమ్స్‌డే బుక్కులోనే వేల మరలు లెక్కకెక్కిన దేశం అది. ఆవిరి యంత్రాలూ రోలరు మిల్లులూ వచ్చాక ఒక్కొక్కటే ఆగిపోయి కూలిపోయాయి. 1931లో అక్కడి పాత కట్టడాల రక్షణ సంఘం గాలిమరల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది, రెక్స్ వెయిల్స్ అనే ఇంజనీరు ఊరూరూ తిరిగి మరల కొలతలూ వివరాలూ రాసి పెట్టాడు. ఇలా ఎవరికి వాళ్లు పోగేసుకున్న కాగితాలు వాళ్ల తర్వాత చెల్లాచెదురు కాకుండా చూడ్డానికి 2002లో రెడింగులో మిల్స్ ఆర్కైవ్ అనే ట్రస్టు మొదలైంది. అంటే ఇవాళ అక్కడ చాలా మరల గురించి తెలుస్తున్నదంతా సర్కారు దస్త్రాల్లోంచి వచ్చింది కాదు, పిచ్చి పట్టినట్టు తిరిగిన కొంతమంది ఇళ్లలోంచి వచ్చింది.

నీటిమర చూడాలంటే మనం హిమాలయాల్లో ఘరాట్ల దగ్గరికి పోవాలి, లేదా ఔరంగాబాదు పన్‌చక్కీ దగ్గరికి (ఆ ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే). మన ఊళ్లలో హల్లరు (వడ్ల పొట్టు తీసే యంత్రం) మిల్లు ఉండేది. సూత్రం మాత్రం ఇంచుమించు ఒకటే: నీటి చక్రం ఉండాల్సిన చోట ఇంజను, దాన్నుంచి ఒక పొడుగాటి షాఫ్టు, షాఫ్టు మీది పుల్లీల నుంచి బెల్టులు హల్లరుకీ జల్లెడకీ ఎలివేటరుకీ. అందుకే ఇంగ్లండువాళ్లు మరల్ని రికార్డు చేసే పద్ధతులు మనకీ దాదాపు అలాగే పనికొస్తాయి.

సరే, పనిలోకి వద్దాం. గది తలుపు తియ్యగానే చెయ్యి ఊరుకోదు, దుమ్ము దులిపేసి పెద్ద పుస్తకాలు ఒక పక్కన, రసీదులు ఒక పక్కన పెట్టేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఏ కాగితం ఏ కట్టలో, ఏ సొరుగులో, దేని పక్కన ఉందో అదే సగం సమాచారం. పేరూ తేదీ లేని ఒక తూకం చీటీ విడిగా దొరికితే దాంతో ఏం తెలీదు, అదే చీటీ ఫలానా ఏడాది చిట్టాలో ఫలానా పేజీ మధ్య ఉంటే దాని సంగతంతా ఆ పేజీ చెప్తుంది. కాబట్టి ముందు గది మొత్తం ఫోటోలు తియ్యండి, తర్వాత ఒక్కో అల్మారా, ఒక్కో సొరుగు, ఒక్కో కట్ట. కట్టకి ఒక నంబరు చీటీ పెట్టండి, పెన్సిల్‌తో రాసింది, పెన్నుతో కాదు. కట్ట విప్పితే అందులోని వరస చెదరకుండా మళ్లీ అలాగే కట్టండి. రకాలవారీ జాబితా కావాలంటే పుస్తకంలో రాసుకోండి, కాగితాల్ని మాత్రం కదపకండి.

కాగితాలంటే చిట్టా ఆవర్జాలే అనుకోకండి. ఇంజనుతో పాటు వచ్చిన మాన్యువల్, స్పేరు పార్టుల కేటలాగు, మిల్లు కట్టేటప్పటి నీలం రంగు ప్లాను, 1958 నాటి బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం కింద ఇచ్చిన లైసెన్సు, ఉప్పుడు బియ్యం ఆడిన మిల్లయితే బాయిలరు సర్టిఫికెట్టు, సర్కారుకి లెవీ బియ్యం (తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా) తోలిన రసీదులు, కరెంటు బిల్లులు, అన్నీ కావాలి. లైసెన్సు దొరికితే పండగే, ఎవరి పేరున, ఎక్కడ, ఎలాంటి మిల్లు అన్నవి ఒకే కాగితంలో తేలిపోతాయి. బస్తాల మీద మార్కా వెయ్యడానికి వాడిన రేకు అచ్చులు ఎక్కడో మూలన తుప్పు పట్టి ఉంటాయి, అవి కూడా రికార్డే. గోడల మీద బొగ్గుతోనో పెయింటుతోనో రాసుకున్న లెక్కలు, రేట్లు, ఫోను నంబర్లు ఉంటే సున్నం వెయ్యకముందే ఫోటో తియ్యండి. ఇంజను మీద పేరు పలక ఉంటుంది, నంబరుతో సహా. అది చదవడానికి వీల్లేకుండా ఉంటే పలచటి కాగితం పరిచి పైన పెన్సిల్ పక్కవాటుగా రుద్దండి, అక్షరాలు తేలతాయి.

ఇక తేదీలు. ఎక్కువమంది ఇక్కడే చేతులెత్తేస్తారు, నిజానికి ఇందులో ఉన్న మజా ఇంకెందులోనూ లేదు. కోస్తా వైపు పాత చిట్టాల్లో సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది, "క్రోధి సం. మార్గశిర శు. 5" అని. క్రోధి అంటే 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు. ఏదో తేల్చడానికి పక్కనున్న డబ్బు లెక్క చూడండి. "5-8-10" అని ఉంటే అయిదు రూపాయల ఎనిమిది అణాల పది పైలు, అంటే పాత లెక్క. మన రూపాయికి నూరు పైసలైంది 1957 ఏప్రిల్ 1న. ఆ తర్వాత 1964 దాకా "నయా పైసలు" అనేవారు కాబట్టి "న.పై." అని కనిపిస్తే కాలం ఇంకా ఇరుగ్గా తెలిసిపోతుంది. అయితే చట్టం మారిన మర్నాడే గుమాస్తా చెయ్యి మారదు, కొందరు తర్వాత కూడా అణాల్లోనే రాసుకున్నారు, అందుకని ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకుండా రెండు మూడు కలిపి చూడాలి. తూకాలు కూడా సాయం చేస్తాయి, మణుగులూ వీశెలూ పోయి క్వింటాళ్లూ కిలోలూ వచ్చింది కూడా ఆ నాలుగైదేళ్లలోనే.

తెలంగాణ కాగితాలైతే దారి వేరు. ఫసలీ (శిస్తు లెక్కల కోసం వాడిన) సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో ఆజూరు నెలతో మొదలయ్యేది, మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలయ్యేది. అంటే 1357 ఫసలీ అని ఉన్న కాగితం హైదరాబాదుదైతే 1947 అక్టోబరు నుంచి ఏడాది, గుంటూరుదైతే 1947 జులై నుంచి ఏడాది. నెల పేర్లు దై, బహ్మన్, ఖుర్దాద్ లాగా ఉంటే నిజాం లెక్కే, అనుమానం అక్కర్లేదు. డబ్బు కూడా రెండు రకాలు, నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకి సమానం. ఏ రూపాయో రాసుకోకుండా వడ్లు ఆడించిన కూలి రేట్లని పక్క జిల్లాతో పోల్చారంటే లెక్క తప్పుతుంది.

ఇంకా పాతవాటిలో తెలుగు అంకెలూ, వీసం, పరక లాంటి భిన్నాల గుర్తులూ కనిపిస్తాయి. భిన్నాల గుర్తుల్లో కొన్ని 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నాయి కాబట్టి టైపు చెయ్యొచ్చు, ఫోనులో ఫాంటు చూపించకపోతే అది వేరే గోల. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఎక్సెల్‌లో "5-8-10" అని కొడితే దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్ కింద పెట్టుకోండి. పుస్తకంలో ఎలా ఉందో అలాగే ఒక కాలమ్‌లో, మీరు లెక్కకట్టిన ఇంగ్లీషు తేదీ, పైసల లెక్క పక్క కాలమ్‌లో. గుమాస్తా రాసిందాన్ని ఎక్కడా దిద్దకండి, కూడిక తప్పినా సరే.

శుభ్రం చెయ్యడం గురించి. మిల్లు కాగితాలకి అసలు శత్రువు తవుడు. అందులో నూనె ఉంటుంది, పురుగు దానికోసమే వస్తుంది, ఎలకలూ అంతే. మెత్తటి కొత్త పెయింటు బ్రష్షుతో బయటి వైపుకి, కుట్టు మడతలోంచి అంచుకి దులపండి, ముక్కుకి మాస్కు తప్పనిసరి. తడి గుడ్డ వద్దు. పురుగుల మందు కొట్టడం అస్సలు వద్దు. బతికున్న పురుగు కనిపిస్తే ఆ కట్టని పాలిథీన్ సంచిలో గాలి వీలైనంత తీసేసి గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పకూడదు, ఒక రోజు బయట ఉంచి మామూలు వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. ఫోటోలకీ నెగెటివులకీ ఈ పద్ధతి వాడకండి.

తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుళ్లు మెల్లగా తియ్యండి. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యకండి, లామినేషన్ చేయించకండి, ఫోటో స్టూడియో అబ్బాయి ఎంత చెప్పినా. తడిసిన కాగితం నీడలో, ఫ్యాను గాలికి ఆరాలి. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది, నీలం ప్లానులైతే మరీను. దాచడానికి రేకుల కింది అటక పనికిరాదు, నేలకి ఎత్తుగా ఉన్న బీరువా మంచిది. రంగు గుడ్డ కాకుండా ఉతికి ఉతికి గంజి పోయిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. పురుగు రాకుండా వసకొమ్ము మూట పెట్టే అలవాటుంటే పెట్టుకోండి, కాగితానికి తగలకుండా.

ఫోటోలు తియ్యడానికి మంచి ఫోను చాలు, స్కానరు లేదని ఆగకండి. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా ఉండేలా స్టాండు మీద పెట్టి తియ్యండి. ఒక స్కేలు ఫ్రేములో కనిపించాలి. అట్ట, ఖాళీ పేజీలు, వెనక రాతలు, దేన్నీ వదలకండి. స్కానరు ఉంటే రాతకి 300 డీపీఐ, పాత ఫోటోలకి 600. ఫైలు పేర్లలో ఊరు, కట్ట నంబరు, పుట నంబరు వరసగా పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పోతుంది, డాక్యుమెంటు కింద పంపాలి. కాపీలు మూడు, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. 1977 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

యంత్రాలు ఇంకా ఉంటే టేపు పట్టుకుని వెళ్లండి. ప్రతి పుల్లీ వ్యాసం కొలిచి ఏది దేన్ని తిప్పుతుందో ఒక బొమ్మ గీసుకోండి, బొమ్మ అందంగా రాకపోయినా ఫర్వాలేదు. తిప్పే పుల్లీ వ్యాసాన్ని దాని వేగంతో హెచ్చవేసి తిరిగే పుల్లీ వ్యాసంతో భాగిస్తే రెండోదాని వేగం వస్తుంది. ఇంజను మీద 12 అంగుళాల పుల్లీ, షాఫ్టు మీద 36 అంగుళాలది, ఇంజను నిమిషానికి 600 చుట్లు అయితే షాఫ్టు 200, బెల్టు జారడం వల్ల నిజానికి కాస్త తక్కువే. యంత్రాలు పోయాక మిల్లు ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఈ బొమ్మే దిక్కు. హల్లరు విప్పి ఉంటే లోపలి గాడుల రోలరు, కత్తి, కింది జల్లెడ కూడా స్కేలు పెట్టి ఫోటో తియ్యండి. ఆ కత్తి ఎంత దగ్గరికి బిగించారన్న దాన్నిబట్టే నూక ఎంత పడేదో ఉండేది.

ఎంత బిగించాలో ఏ కాగితంలోనూ ఉండదు, అది మిల్లు నడిపే డ్రైవరు చేతిలో ఉండేది. నెదర్లాండ్స్‌లో గాలిమరలూ నీటిమరలూ నడిపే మిల్లర్ల పనితనాన్నే 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, కట్టడం ఒక్కటే మిగిలితే చాలదని వాళ్లకి అర్థమైంది. మనమూ డ్రైవరుని, గుమాస్తాని, హమాలీలని, నూకలు చెరిగిన ఆడవాళ్లని కూర్చోబెట్టి రికార్డు చెయ్యాలి. "మీ అనుభవాలు చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. ఒక పాత ఫోటోనో బెల్టు ముక్కో చేతిలో పెట్టి "బాబాయ్, బెల్టు జారితే ఏం చేసేవాళ్లు?" అని అడగండి, రోజనం పొడి దగ్గర మొదలుపెట్టి గంట సేపు చెప్తాడు. "పెద్దమ్మా, తవుడు ఎవరు పట్టుకెళ్లేవాళ్లు, ఊక ఎవరు పట్టుకెళ్లేవాళ్లు?" అని అడిగితే ఊరి లెక్కలన్నీ బయటికొస్తాయి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పండి, ఎక్కడ పెడతారో కూడా చెప్పండి.

ఒక ఇబ్బంది ఉంది. ఆవర్జాల్లో బాకీలు ఉంటాయి, పేర్లతో, కులాలతో, వేలిముద్రలతో. ఎవరి తాత ఎంత ఎగ్గొట్టాడో నెట్‌లో పెట్టడం చరిత్ర కాదు, తగువు. ఆ పేజీలు ఫోటో తీసి దాచండి, నెట్‌లో పెట్టకండి. రేట్లు, తూకాలు, యంత్రాలు, ప్లానులు, లైసెన్సులు మిల్లు వారసుల అనుమతితో పెట్టొచ్చు.

అసలు కాగితాలు ఎవరికివ్వాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. ఇంట్లో పట్టించుకునే మనిషి ఉన్నంతకాలం ఇంట్లోనే ఉంచమంటాను. లేకపోతే రాష్ట్ర ఆర్కైవ్స్‌ని అడగండి, తెలంగాణది తార్నాకలో ఉంది. ఎక్కడిచ్చినా కట్టల జాబితాతో సహా సంతకం చేసిన రసీదు తీసుకోవాలి, నోటి మాట మీద ఇవ్వొద్దు. మీ కాగితాల్లో ఖాళీలు పూరించడానికి వేరేచోట్ల కూడా వెతకొచ్చు. 1953కి ముందు ఆంధ్ర జిల్లాలవి మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు కాబట్టి చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్ చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలున్నాయి, వాటిలో ప్రకటనలు తిరగేస్తే ఏ కాలంలో ఏ ఇంజన్లు అమ్మారో తెలుస్తుంది.

ఇంత తీరిక లేదు, రేపే పడగొట్టేస్తున్నారు, మీ చేతిలో ఉన్నది ఒక్క పూట అనుకోండి. గదీ గోడలూ ఫోటోలు, పేరు పలకలు, పుల్లీల కొలతలు, ఆ తర్వాత కట్టలన్నీ ఉన్నవి ఉన్నట్టు గోతాల్లో వేసి, గోతానికో నంబరు రాసి ఇంటికి తెచ్చెయ్యండి, విప్పడం తర్వాత చూసుకోవచ్చు. ఈలోపే పాత పేపర్ల వాడు తూకం వేసేసుంటే బతిమాలుతూ నిలబడకండి, కిలోకి అతను కట్టిన రేటు మీద ఇంకో రెండు రూపాయలు వేసి అక్కడికక్కడే కొనెయ్యండి.